పాపకి ఆటల్లో పెట్టి ఫార్సీ నేర్పడం ఎలా? నాకేమో ఒక్క ముక్క రాదు

గోంగూర_టొరంటో:

అందరికీ నమస్తే. పోస్టు కొంచెం పెద్దదే, టీ పెట్టుకుని చదవండి.

మాది గుంటూరు, పదకొండేళ్ళ బట్టి టొరంటోలో ఉంటున్నా. మా ఆయన ఇరానీ, వాళ్ళది షీరాజ్. పాపకి నాలుగున్నర. దానితో నేను తెలుగే మాట్లాడాలి, ఆయన ఫార్సీయే మాట్లాడాలి అని అది పుట్టకముందే అనుకున్నాం. నా వాటా నేను బానే లాక్కొస్తున్నా, కథలు చెప్పినా తిట్టినా బతిమాలినా అన్నీ తెలుగులోనే. ఆయనేమో పొద్దున ఏడింటికి పోతే రాత్రి ఏడున్నరకి వస్తాడు, వచ్చాక ఓ పది నిమిషాలు ఫార్సీ నడుస్తుంది, ఆ తర్వాత తండ్రీకూతుళ్ళు ఇద్దరూ ఇంగ్లీషులోకి జారిపోతారు.

నాకు అసలు బాధ మా అత్తగారిని చూస్తే. శనివారం మాకు పొద్దున, వాళ్ళకి సాయంత్రం, వీడియో కాల్ ఉంటుంది. పాప ఫోన్ ముందుకొచ్చి సలాం అంటుంది, ఆవిడ ఖూబీ అంటే ఖూబమ్ అంటుంది, అంటే బాగున్నావా బాగున్నా అని, అక్కడితో స్టాకు అయిపోతుంది, ఎలుగుబంటి బొమ్మ చంకనేసుకుని లోపలికి పరుగు. ఆవిడ ఇంకా ఏదో అడుగుతూనే ఉంటారు ఖాళీ సోఫాని. మార్చిలో నౌరూజ్‌కి, అంటే వాళ్ళ కొత్త సంవత్సరానికి, వస్తున్నారు, మూడు నెలలు ఉంటారు. ఈలోగా ఏదో ఒకటి చెయ్యాలి.

చేసినవి చెప్తా. బొమ్మల కార్డులు నూరు ఉన్న సెట్టు కొన్నా. మా పాప వాటిని హాల్లో పరిచి కొట్టు పెట్టింది, ఏనుగు రెండు డాలర్లు, ఆపిల్ ఐదు డాలర్లు, బేరం అంతా ఇంగ్లీషులో. తర్వాత ఒక యాప్ పెట్టా. అందులో రొట్టెకి నాన్ అని నేర్పారు. మా అత్తగారు నూన్ అన్నారు. ఇది వెంటనే నో నో, నాన్ అని ఆవిడ్నే దిద్దింది! ఆవిడ నవ్వేశారు గానీ నాకు తల కొట్టేసినట్టయింది.

అందుకని అడుగుతున్నా, ఇరాన్ పిల్లలు అసలు ఏం ఆటలు ఆడతారు, ఏ బొమ్మలతో ఆడతారు, వాటిలోంచి మాటలు ఎలా ఎక్కించాలి? ఇంకోటి, నాకు ఆ ఖ, ఘ సరిగ్గా పలకవు, నా నోటి నుంచి వింటే దానికి తప్పుడు ఫార్సీ వస్తుందేమో. తెలుగు చెడిపోతుందేమో అని కూడా ఓ మూల భయం. ఎవరికైనా అనుభవం ఉంటే చెప్పండి ప్లీజ్.

ఉప్మా_వద్దు:

ముందు మీ ఆయనకి నేర్పండి అండీ ఫార్సీ, హహ. జోక్ పక్కన పెడితే, పది నిమిషాల తర్వాత ఇంగ్లీషులోకి జారేది పాపా ఆయనా, ఎవరు ముందు జారుతున్నారో ఓసారి గమనించండి.

తెహ్రాన్_రిటర్న్:

అమ్మా, నేను 2003 నుంచి 2006 దాకా తెహ్రాన్‌లో ఉద్యోగం చేశాను, మాది రాజమండ్రి, ఇప్పుడు రిటైరై ఇక్కడే ఉన్నాను. నాకూ మొదట్లో ఫార్సీ రాదు, వచ్చింది ఎక్కడో తెలుసా, మా అపార్టుమెంటు పక్క సందులో. సందుని వాళ్ళు కూచె అంటారు. సాయంత్రం పిల్లలు అక్కడ చిన్న చిన్న రాళ్ళు ఒకదాని మీద ఒకటి పేర్చి బంతితో కొట్టి పడగొట్టి పరిగెడుతుంటే బాల్కనీలోంచి చూసి, ఒరేయ్ ఇది మన ఏడు పెంకులాట కదరా అని గట్టిగానే అనేశాను. వాళ్ళు దాన్ని హఫ్త్ సంగ్ అంటారు, హఫ్త్ అంటే ఏడు, సంగ్ అంటే రాయి. హఫ్త్‌నీ మన సప్తనీ పక్కపక్కన పెట్టి చూడండి, అన్నదమ్ములే.

ఆ తర్వాత ఒక్కొక్కటే బయటపడ్డాయి. నేలా బండా ఉంది కదా, గట్టు ఎక్కితే దొంగ ముట్టుకోకూడదు, అది వాళ్ళకి గోర్గమ్ బె హవా, గోర్గ్ అంటే తోడేలు, మనం దొంగ అనేవాడు అక్కడ తోడేలు. తొక్కుడుబిళ్ళ లేలే. అచ్చెనగాయలు యే ఘోల్ దో ఘోల్, ఐదు రాళ్ళే, ఎగరేసి పట్టడమే. బిళ్ళంగోడు అలక్ దొలక్. చెడుగుడు కూడా ఉందండోయ్, జూ అంటారు, కూత పెట్టేటప్పుడు కబడ్డీ కబడ్డీ అనకుండా ఊపిరి ఉన్నంతసేపు జూ... అని లాగుతారు. 2018 ఆసియా క్రీడల్లో మగవాళ్ళ కబడ్డీ, ఆడవాళ్ళ కబడ్డీ రెండు బంగారు పతకాలూ వాళ్ళే పట్టుకుపోయారంటే ఊరికేనా.

దాగుడుమూతలు ఘాయెమ్ మూషక్. మూష్ అంటే ఎలుక, మన వినాయకుడి మూషికమే, ఎలుకలా నక్కడం అన్నమాట. దొంగకి దొరక్కుండా వచ్చి గోడ ముట్టుకుని సొక్ సొక్ అని అరవాలి.

మీ పాప వయసుకి మటుకు నేను చెప్పేది మూడు. మొదటిది కలాఘ్ పర్. కలాఘ్ అంటే కాకి, పర్ అంటే ఇక్కడ ఎగరడం అనుకోండి. అందరూ చూపుడువేలు నేల మీద పెడతారు, ఒకరు కలాఘ్ పర్ అనగానే వేలు పైకి, గొంజిష్క్ పర్ అంటే పిచ్చుక, పైకి, గావ్ పర్ అంటే ఆవు ఎగరదు, వేలు లేపినవాడు ఔట్. మన పిల్లలు హిందీలో చిడియా ఉడ్ అని ఆడతారే, అదే. ఇద్దరున్నా చాలు, బస్సులో కూర్చుని కూడా ఆడొచ్చు.

రెండోది అమూ జంజీర్ బాఫ్. గొలుసు అల్లే బాబాయి అని అర్థం. పిల్లలు చేతులు పట్టుకుని గుండ్రంగా తిరుగుతూ గొలుసు అల్లావా అని అడుగుతారు, బాబాయి బలే అంటాడు. బలే అంటే అవును, మన భలే కాదు. కొండ వెనక పడేశావా, బలే. నాన్న వచ్చాడు. ఏమేం తెచ్చాడు అనడానికి చీ చీ ఆవోర్దే అంటారు, మీ పాప కచ్చితంగా ఇక్కడ పడీ పడీ నవ్వుతుంది. నొఖొద్‌చీ, కిష్మిష్ తెచ్చాడట, అంటే వేయించిన శనగలు, కిస్‌మిస్. తిని రా అంటాడు. ఏ గొంతుతో రావాలి అని పిల్లలు అడుగుతారు, పిల్లి గొంతుతో అంటే అందరూ మ్యావ్, కోడిపుంజు అంటే కొక్కొరొకో. గోర్బె పిల్లి, సగ్ కుక్క, ఖొరూస్ కోడిపుంజు, వారానికి రెండు జంతువులు మార్చుకుంటూ పోండి.

మూడోది నేను చెప్పను. మీ అత్తగారిని అతల్ మతల్ తూతూలే ఆడించమని అడగండి, పాపని కాళ్ళు చాపుకుని కూర్చోమనండి. మీకే తెలుస్తుంది.

ఇక నాన్, నూన్ సంగతి. తప్పు మీ అత్తగారిదీ కాదు, యాప్‌దీ కాదు. రాసేటప్పుడు నాన్, నోటితో నూన్. ఇల్లు పుస్తకంలో ఖానే, ఇంట్లో ఖూనే. మనం వచ్చుచున్నాను అని చదివి వస్తన్నా అనమూ? పిల్లకి ముందు ఇంటి మాటే రానివ్వండి, పుస్తకం మాట బళ్ళో వస్తుంది.

బొమ్మల గురించి అడిగారు కాబట్టి, పిల్లల పుస్తకాలూ బొమ్మలూ తయారుచేసే సంస్థ ఒకటి ఉంది, అందరూ కానూన్ అంటారు, 1965లో పెట్టింది. వాళ్ళు 2002లో దారా, సారా అని అన్నాచెల్లెళ్ళ బొమ్మలు తెచ్చారు, బార్బీకి పోటీగా అన్నమాట. ఒకటో తరగతి వాచకంలో ఉండే పేర్లవి, దారా అనార్ దారద్ అంటే దారా దగ్గర దానిమ్మ ఉంది అని. సారాని ఒకదాన్ని మా అమ్మాయికి తెచ్చాను, ఇప్పటికీ మా బీరువా మీద తలగుడ్డ కట్టుకుని కూర్చుని ఉంటుంది.

గోంగూర_టొరంటో:

అంకుల్ గారూ మీకు చాలా చాలా థ్యాంక్స్ అండి. మా ఆయన్ని అడిగితే అతల్ మతల్ పాట టకటకా పాడేశాడు, మన హసన్ గారి ఆవు ఎలా ఉంది, పాలూ లేవు పొదుగూ లేదు, దాని పాలు హెందెస్తూన్‌కి పట్టుకుపోయారు అని అర్థం చెప్పాడు. పాలే లేని ఆవు పాలు మన దేశానికి ఎలా తెచ్చారండీ! అడిగితే నాకేం తెలుసు, మీవాళ్ళనే అడగాలి అంటున్నాడు. శనివారం దాకా ఆగుతా కాళ్ళు చాపడానికి.

డాలస్_నాన్న:

అందరూ ఉత్సాహంగా ఉన్నారు గానీ నేను కొంచెం నీళ్ళు చల్లుతా, ఏమనుకోవద్దు. మావాడికి ఏడేళ్ళు, తెలుగు ఆటపాటలు అన్నీ నేర్పా, చెమ్మచెక్క చారడేసి మొగ్గ గుక్కతిప్పుకోకుండా పాడతాడు, చారెడు అంటే ఏంట్రా అంటే తెల్లమొహం. పాట మొత్తం వాడికి ఒకటే పెద్ద మాట. ఇక్కడ నేను ఆదివారాలు ఓ ఆరుగురు పిల్లలకి తెలుగు చెప్తుంటా, అందరిదీ అదే తంతు. పాట వస్తే మాటలు వచ్చినట్టు కాదు.

నాకు పనికొచ్చింది ఏంటంటే, ఆటలో ఒక ఖాళీ ఉండాలి, ఆ ఖాళీలో ప్రతిసారీ వేరే మాట పడాలి, ఆ మాట అర్థం కాకపోతే ఓడిపోవాలి. అంకుల్ గారు చెప్పిన కాకి ఆట అందుకు బంగారం, ఎందుకంటే ఆవుకీ కాకికీ తేడా తెలీకపోతే ఔటే. ఆ బాబాయి ఆటలో చివర జంతువు దగ్గర ఖాళీ ఉంది, మిగతాదంతా వల్లె. హసన్ గారి ఆవు మొత్తం వల్లెనే. వల్లె ఆటలు వద్దనట్లేదు, నాలుక తిరుగుతుంది, ఆ ఖ, ఘ అలాగే వస్తాయి. కానీ మాటల లెక్కలో వేసుకోకండి.

ఇంకోటి, ఆట మధ్యలో ఆపి దీన్నేమంటారు చెప్పు అని అడిగారో చచ్చారే. మావాడు ఆటే మానేశాడు అలా.

తెహ్రాన్_రిటర్న్:

డాలస్ బాబూ నువ్వన్నది ఒప్పుకుంటాను, ఖాళీ అన్నమాట బాగుంది. అయితే అదే లెక్కన ఇంకో రెండు చెప్తాను. ఒకటి కోడిగుడ్ల ఆట, ఒక్కొక్కరికీ ఒక అంకె, నా దగ్గర ఒక కోడి ఉంది, రోజుకి మూడు గుడ్లు పెడుతుంది అంటే మూడో నంబరు వాడు ఠక్కున మూడెందుకు అనాలి, మరి ఎన్ని, ఐదు, వెంటనే ఐదో వాడు అందుకోవాలి. యెక్, దో, సే, చహార్, పంజ్ అన్నీ ఒక పూటలో వచ్చేస్తాయి, హిందీ చెవిన పడ్డ పిల్లలకైతే సగం వచ్చినట్టే. రెండోది నూన్ బియార్ కబాబ్ బెబర్, అంటే రొట్టె తే, కబాబ్ పట్టుకుపో. చేతుల మీద చేతులు పెట్టి ఛట్‌మని కొట్టి లాక్కునే ఆట, మనమూ ఆడాం. బియార్ తే, బెబర్ పట్టుకుపో, ఈ రెండు మాటలూ వస్తే ఇంట్లో సగం పనులు చెప్పొచ్చు.

అసలు సందులో పిల్లలు నాకు నేర్పిన మొదటి మాటలు జంతువులూ కావు పళ్ళూ కావు. నోబతె మనే, నా వంతు. సూఖ్తీ, ఔటైపోయావ్, మాటకి మాట చూస్తే కాలిపోయావ్ అని. బెందాజ్, వెయ్యి. బొదో, పరిగెత్తు. అన్నిటికన్నా ముఖ్యమైంది జెర్ నజన్, అంటే తొండి చెయ్యకు. ఆటలో పిల్లకి ఇవి లేకపోతే పోట్లాడలేదు, పోట్లాట కోసమైనా నేర్చుకుంటుంది. మీ కార్డుల సెట్టులో ఏనుగు ఉంటుంది గానీ జెర్ నజన్ ఉండదు కదా.

ఇరానీ_చాయ్_ఒకటి:

అక్కా గింత పరేషాన్ ఎందుకు? గా పరేషాన్ గూడ వాళ్ళ మాటనే ఎరుకనా. మాది హైదరాబాద్, మా తాత ఇరానీ హోటల్ల ముప్పై ఏండ్లు చాయ్ కాసిండు, ఓనరు యజ్ద్ నుంచి వచ్చినోళ్ళు, వాళ్ళ పోరగాళ్ళు మేము కలిసి ఆడుకున్నోళ్ళమే. నిజాం సర్కార్ల 1880ల దాకా ఆఫీసు రాతకోతలన్నీ ఫార్సీలనే ఉండె, గందుకే మన తెలుగుల గా మాటలు సంచీలకు సంచీలు కలిసిపోయినయ్. మీ పాప తెలుగు చెడిపోవుడేంది, తెలుగు వస్తే సగం ఫార్సీ ఇంట్ల ఉన్నట్టే.

మా అక్క కొడుకుతోని నేను ఒక ఆట ఆడిన, ఇంట్ల దాక్కున్న మాటల వేట అని పేరు పెట్టినం. నేను తెలుగుల అంట, వాడు ఉరికి ముట్టుకోవాలె, నేను ఫార్సీల అంట, మల్ల ముట్టుకోవాలె. కాగితం, కాఘజ్. సబ్బు, సాబూన్. సీసా, షీషె. జేబు, జీబ్. పరదా, పర్దె. చాకు గూడ చాఘూనే గని గది ముట్టుకోనియ్యకు. వంటింట్లకు పోతే పండుగే, బాదం బాదామ్, పిస్తా పెస్తె, కిస్‌మిస్ కిష్మిష్, పనీర్ పనీర్. తినుకుంట నేర్చుకునుడు.

ఐతే మోసం చేసేటియి గూడ ఉన్నయ్, గవ్వే మస్తు మజా. అగో, మజా అంటే మనకు సంబురం, వాళ్ళకు మజె అంటే రుచి. మన గులాబీ పువ్వు, వాళ్ళ గొలాబీ బేరిపండు! కుర్చీ అనుకొని కోర్సీ అంటివా, అది కింద నిప్పులు పెట్టి పైన రజాయి కప్పే పొట్టి బల్ల, చలికాలం ఇంటిల్లిపాది దాని చుట్టు కాళ్ళు పెట్టుకొని కూసుంటరు. దర్వాజ అంటే పెద్ద గేటు, ఇంటి తలుపుకు ఉట్టి దర్ అంటే సాలు. షీర్ గురించి అయితే అడగకు, పాలు షీరే, సింహం షీరే, నల్లా షీరే.

ఇంగ బర్ఫ్ అంటే మంచు, మన బర్ఫీ గందులకెళ్ళే వచ్చింది. టొరంటోల నీకు బర్ఫ్‌కి ఏం తక్కువ. మంచుతోని మనిషిని చేస్తరు సూడు, గాయన్ని ఆదమ్ బర్ఫీ అంటరు.

ఫ్రాంక్‌ఫర్ట్_వదిన:

మాది కూడా మూడు భాషల కొంపే, అది వేరే కథ. మీ ఉచ్చారణ భయం గురించి ఒక్కటే చెప్తా. మీరు టీచర్ అవ్వకండి, రానివాళ్ళలాగే ఉండండి. ఒక బొమ్మని షీరాజ్ నుంచి వచ్చిందని చెప్పండి, దానికి తెలుగు రాదు ఇంగ్లీషు రాదు, దాంతో ఏం మాట్లాడాలన్నా ఫార్సీలోనే. దాని గొంతు మీ ఆయన. రాత్రి ఆ పది నిమిషాలూ ఆయన నాన్న కాదు, బొమ్మ. బొమ్మ ఇంగ్లీషులోకి జారదు కదా! మీకు అర్థం కానట్టు పాపని అడగండి, అదేమంటోందే అని. మీకు చెప్పడం కోసమైనా అది తెలుగులోకి మారుస్తుంది, రెండూ నిలబడతాయి.

బువ్వలాటలు ఆడుతుందా? ఫార్సీలో దాన్ని ఖాలే బాజీ అంటారని మా ఇరానీ పక్కింటావిడ చెప్పింది, ఖాలె అంటే పిన్ని, పిన్నులాట అన్నమాట. వాళ్ళకీ మనలాగే పిన్ని వేరు మేనత్త వేరు, బాబాయి వేరు మేనమామ వేరు, ఖాలె, అమ్మె, అమూ, దాయీ. బొమ్మలకి వరసలు కలిపేయండి, అంకుల్ ఆంటీ గొడవ పోతుంది. బొమ్మని అరూసక్ అంటారు, అరూస్ అంటే పెళ్ళికూతురు, చిట్టి పెళ్ళికూతురు. బొమ్మలపెళ్ళి చేసుకునే వాళ్ళకి ఆ మాట వేరే నేర్పాలా.

గోంగూర_టొరంటో:

రెండు నెలలు దాటింది, అప్‌డేట్ ఇస్తానని ఇవ్వలేదు, సారీ. యల్దా రాత్రి కూడా అయిపోయింది, డిసెంబర్లో అన్నిటికన్నా పొడుగు రాత్రికి వాళ్ళు చేసుకునే పండుగ, దానిమ్మ, పుచ్చకాయ తిన్నాం. పుచ్చకాయకి హెందెవానే అంటారట, పేరులోనే మన దేశం ఉంది, పాలు మనం పట్టుకొచ్చి పుచ్చకాయ ఇచ్చామేమో.

ముందు ఫెయిలైనవి. కలాఘ్ పర్ రెండో రోజుకే తగువు. మా ఆయన బాబా పర్ అన్నాడు, నాన్న ఎగరడు కదా అని. ఇది వేలు లేపింది. ఔట్ అంటే ఒప్పుకోదు, నాన్న మొన్న వాంకూవర్ వెళ్ళాడుగా ఫ్లైట్‌లో అని వాదన. వాదన తెలుగులో. అయినా ఆ ఆటతోనే పక్షులన్నీ వచ్చాయి, కోడి ఎగురుతుందా లేదా అన్నది ఇంకా తేలలేదు. గొలుసు బాబాయి ఆటకి జనం చాలక కింది అంతస్తు పంజాబీ పిల్లలిద్దర్ని అరువు తెచ్చుకున్నాం, వాళ్ళకీ వచ్చేసింది, ఇప్పుడు లిఫ్టులో కనపడితే నాకు నమస్తే బదులు చీ చీ ఆవోర్దే అంటున్నారు. చాయ్ చెల్లీ, నువ్వు చెప్పిన వేట సూపర్, కాకపోతే ఆదమ్ బర్ఫీ అనగానే ఇది వెళ్ళి మంచుమనిషి ముక్కు దగ్గర నాకి చూసింది, తియ్యగా లేదని ఏడుపు. షీర్ కావాలి అని వాళ్ళ నానమ్మని అడిగితే ఆవిడ ఫోన్‌లోంచి సింహంలా గర్జించారు, అప్పటినుంచి పాలు తాగే ముందు రోజూ గర్జన ఉండాలి.

ఫ్రాంక్‌ఫర్ట్ వదినగారూ, బొమ్మ ఐడియాకి మీకు దండం. ఎలుగుబంటే షీరాజ్ నుంచి వచ్చింది. మా ఆయనకి మొదట్లో సిగ్గేసింది, ఇప్పుడు ఎలుగు గొంతులో ఆఫీసు కష్టాలు కూడా చెప్పుకుంటున్నాడు. ఇంకో విషయం కనిపెట్టా, వాళ్ళ ఇళ్ళలో నాన్న కొడుకునీ కూతుర్నీ బాబా జాన్ అని పిలుస్తాడు, అమ్మ మామాన్ జాన్ అంటుంది, పిలిచేవాళ్ళ వరసతో పిల్లని పిలవడం. మనం మగపిల్లాడిని ఇలా రా నాన్నా, ఆడపిల్లని తిను అమ్మా అనమూ. ఇన్నేళ్ళూ మా ఆయన అలా పిలుస్తుంటే నేను వేరే ఏదో అనుకున్నా.

ఇక అంకుల్ గారూ, మీరు చెప్పకుండా దాచిన ఆట. ఆ శనివారం ఫోన్‌ని పోపులపెట్టెకి ఆనించి పెట్టి నేను దోసెలు పోస్తున్నా. పాప నేల మీద కాళ్ళు చాపింది, పక్కన ఎలుగుబంటి కాళ్ళు, ఇంకో బొమ్మ కాళ్ళు, వరసగా. అత్తగారు అక్కడ తన మోకాళ్ళ మీద చెయ్యి వేస్తూ ఒక్కో మాటకి ఒక్కో కాలు తట్టుకుంటూ పాడుతున్నారు, పాప ఇక్కడ అలాగే తడుతోంది, అతల్, మతల్, తూతూలే. హాచీనో వాచీన్, యే పాతో వర్చీన్ అనగానే ఆఖరి దెబ్బ పడ్డ కాలు ముడిచేసుకుంది. కాళ్ళాగజ్జా కంకాళమ్మ! కాలు తీసి కడగా పెట్టు! మా అమ్మమ్మ వాళ్ళ అరుగు మీద ఆరుగురం కూర్చుని ఆడిందే. పెనం మీద దోసె మాడి వంటింట్లో పొగ అలారం మోగింది, అదొక గోల.

తర్వాతి వారం మా అమ్మని కూడా కాల్‌లో కలిపా, గుంటూరులో అప్పటికి రాత్రి ఏడున్నర. మా అమ్మకి ఫార్సీ రాదు, ఆవిడకి తెలుగు రాదు, ఇద్దరికీ ఇంగ్లీషు అంతంతమాత్రం. అమ్మ కాళ్ళాగజ్జా మొదలెట్టింది, వేగుచుక్కా వెలగామొగ్గా దాకా ఆవిడ ఊరికే చూస్తున్నారు, కాలు తీసి కడగా పెట్టు అనేసరికి ఎవరూ చెప్పకుండానే తన కాలు ముడిచి హమూనే, హమూనే అని చప్పట్లు కొట్టారు. అదే, అచ్చం అదే అని. డాలస్ గారూ, మీరన్నట్టు మాటల లెక్కలో వెయ్యను లెండి దీన్ని. ఇంకేదో లెక్కలో వేసుకుంటా.

మాటల లెక్క అడిగితే, అడక్కుండా తనంతట తాను వాడినవి ఫ్రిజ్ మీద రాస్తున్నా, నిన్నటికి నలభై మూడు. మొదటి పూర్తి వాక్యం కూడా వచ్చింది. పోయినవారం వైకుంఠపాళి ఆడారు, మారో పెల్లే అంటారు, మార్ పాము, పెల్లె మెట్టు. బోర్డు ఇక్కడ, అత్తగారు అక్కడ తాస్, అంటే పాచిక, వేసి ఎంత పడిందో చెప్తే పాప ఆవిడ గింజ జరపాలి. ఆవిడకి వరసగా నాలుగుసార్లు ఆరు పడింది. పాప ఫోన్ దగ్గరికి వెళ్ళి, కళ్ళద్దాలలోంచి చూసే మాస్టారులా మొహం పెట్టి, మామాన్ బొజోర్గ్, జెర్ నజన్! అంది, నానమ్మా తొండి చెయ్యకు అని.

తెహ్రాన్_రిటర్న్:

చెప్పానా లేదా! ఇంతకీ తొండి చేశారా ఆవిడ?

గోంగూర_టొరంటో:

చేశారు అంకుల్. మా ఆయన కెమెరా కిందకి తిప్పమంటే తిప్పలేదు.

ఉప్మా_వద్దు:

ఆ బోర్డు ఎక్కడ దొరుకుతుంది? మా బావ కూతురికి కావాలి.

గోంగూర_టొరంటో:

మాకు యంగ్ స్ట్రీట్‌లో ఇరానీ కొట్లో దొరికింది, బియ్యం బస్తాల వెనక. ఒకే అట్ట, ఒకవైపు మారో పెల్లే, తిరగేస్తే మెంచ్, అంటే మన లూడోనే. గింజలు మటుకు చాలా చిన్నవి, చంటిపిల్లలుంటే జాగ్రత్త, మావి రెండు ఇప్పటికే సోఫా మింగేసింది, శనగలు పెట్టి ఆడుతున్నాం, ఆట అయ్యేలోపు పాప నొఖొద్‌చీ అని తినేస్తోంది.